నలభై ఎకరాలు: యుద్ధం గెలిచాక భూమి ఎటు పోయింది?

(అట్లాంటాలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. బళ్లో వాళ్లు సివిల్ వార్ చదివే ఉంటారు, 1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య జరిగిన అంతర్యుద్ధం. ఏ యుద్ధంలో ఎవరు గెలిచారు, ఏ జనరల్ ఎటువైపు నుంచి వచ్చాడు అన్నది పుస్తకాల్లో కావలసినంత ఉంది. ఈ సాయంత్రం నేను ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. యుద్ధం అయిపోయాక భూమి ఎవరికి దక్కింది? రికన్‌స్ట్రక్షన్, అంటే యుద్ధం తర్వాత 1877 దాకా విముక్తులకు హక్కులిచ్చి దక్షిణాదిని కొత్తగా నిలబెట్టాలని చేసిన ప్రయత్నం, ఎందుకు కూలిపోయిందని అడిగితే చరిత్రకారులు చాలా కారణాలు చెప్తారు. నాకు మాత్రం మొదటి దెబ్బ 1865లోనే పడిందనిపిస్తుంది. ఓటు చేతికి రాకముందే కాళ్ల కింద భూమి లాగేశారు. తినే తిండికి నిన్నటి యజమాని మీదే ఆధారపడ్డ మనిషి, అదే యజమానికి ఎదురు ఓటు వేసి నిలబడటం ఎంత కష్టమో తర్వాతి పన్నెండేళ్లలో తేలిపోయింది.

మనం ఉంటున్న ఈ జార్జియాలోనే మొదలుపెడదాం. ఇక్కణ్ణుంచి కారులో నాలుగు గంటలు పోతే సవానా. అక్కడ మాడిసన్ స్క్వేర్ దగ్గర గ్రీన్-మెల్‌డ్రిమ్ హౌస్ అనే పెద్ద భవనం ఉంది. చార్లెస్ గ్రీన్ అనే పత్తి వ్యాపారి కట్టించుకున్న ఇల్లు. 1864 డిసెంబరులో సవానాను పట్టుకున్నాక ఉత్తరాది (యూనియన్) సైన్యపు జనరల్ షెర్మన్ అందులోనే మకాం పెట్టాడు. 1865 జనవరి 12 రాత్రి ఆ ఇంటికి ఇరవై మంది నల్లజాతి పెద్దలు వచ్చారు. ఎక్కువ మంది చర్చి పాస్టర్లు. వాళ్లలో చాలామంది కొద్ది రోజుల కిందటి దాకా బానిసలు. ఎదురుగా షెర్మన్, వాషింగ్టన్ నుంచి వచ్చిన యుద్ధశాఖ మంత్రి ఎడ్విన్ స్టాంటన్.

మంత్రి అంత దూరం రావడానికి ఒక కారణం ఉంది. షెర్మన్ సైన్యం అట్లాంటా నుంచి సముద్రం దాకా నడిచినప్పుడు వేలమంది బానిసలు తోటలు వదిలేసి సైన్యం వెనక నడిచారు. డిసెంబరు 9న ఎబెనేజర్ క్రీక్ అనే వాగు దగ్గర సైన్యం పడవల వంతెన వేసుకుని దాటింది. వెనక వస్తున్న జనం ఇంకా దాటకముందే ఆ వంతెన తీయించేశారు. వెనక నుంచి కాన్ఫెడరేట్, అంటే దక్షిణాది, గుర్రపు దళం తరుముకొస్తోంది. భయంతో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు నీళ్లలోకి దూకారు. చాలామంది మునిగిపోయారు. ఆ వార్త వాషింగ్టన్ దాకా పోయింది. విముక్తి ఇస్తామని వచ్చిన సైన్యం ఇలా చేసిందేమిటన్న ప్రశ్న లేచింది.

ఆ రాత్రి ఇరవై మంది తరఫున మాట్లాడింది గారిసన్ ఫ్రేజియర్ అనే బాప్టిస్టు పాస్టర్. వయసు 67. ఎనిమిదేళ్ల కిందట తననూ, భార్యనూ వెయ్యి డాలర్ల వెండి బంగారాలు పోసి కొనుక్కుని స్వేచ్ఛ పొందినవాడు. ఒక మనిషి తనను తానే డబ్బిచ్చి కొనుక్కోవాల్సి రావడం గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. బానిసత్వం అంటే నీకు ఏమర్థమైందని మంత్రి అడిగాడు. ఎదిరించలేని బలంతో, ఒకడి ఇష్టం లేకుండా, వాడి పనిని ఇంకొకడు తీసుకోవడం అన్నాడు ఫ్రేజియర్. మీ బతుకు మీరు బతకాలంటే ఏం కావాలని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇది: మాకు భూమి కావాలి, మా శ్రమతో మేమే దాన్ని దున్నుకుంటాం. కొన్నాళ్లలో కూలికి చేసి కూడబెట్టి భూమి కొనుక్కునే స్థితికి వస్తామని కూడా అన్నాడు. దానం అడగలేదు. నిలదొక్కుకోవడానికి చోటు అడిగాడు.

నాలుగు రోజుల తర్వాత, జనవరి 16న, షెర్మన్ స్పెషల్ ఫీల్డ్ ఆర్డర్ నంబర్ 15 జారీ చేశాడు. చార్ల్‌స్టన్ నుంచి దక్షిణంగా ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది దాకా ఉన్న సముద్ర దీవులు, తీరం నుంచి ముప్పై మైళ్ల లోపలి దాకా ఉన్న పాత వరి మడులు విముక్తుల కోసం కేటాయించాడు. కుటుంబానికి సాగుకు పనికొచ్చే నేల నలభై ఎకరాలకు మించకుండా. ఆ ఏడాది జూన్ కల్లా సుమారు 40,000 మంది 4 లక్షల ఎకరాల మీద స్థిరపడ్డారు. ‘నలభై ఎకరాలు, ఒక కంచర గాడిద’ అని వినే ఉంటారు. ఆర్డర్‌లో కంచర గాడిద ప్రస్తావన లేదు. సైన్యానికి అక్కర్లేని జంతువులను కొందరికి ఇచ్చారు, ఆ మాట అలా కలిసిపోయింది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం, త్వరగానే చెప్తాను. యుద్ధం దేనికి వచ్చింది? ‘స్టేట్స్ రైట్స్’, అంటే రాష్ట్రాల హక్కుల కోసం అని ఇక్కడ పనిచేసే చోట ఎవరో ఒకరు మీతో అనే ఉంటారు. 1793లో పత్తి గింజ తీసే జిన్ యంత్రం వచ్చాక దక్షిణాది మొత్తం పత్తి మీద నిలబడింది. 1790లో దేశంలో 7 లక్షల మంది బానిసలుంటే 1860కి దాదాపు 40 లక్షలు. జార్జియాలోనే నూటికి 44 మంది బానిసలు. దేశం ఎగుమతుల్లో సగానికి పైగా పత్తి. బానిసలను ఆస్తిగా లెక్కగట్టిన విలువ, అప్పటి రైల్వేలు, ఫ్యాక్టరీల విలువ రెండూ కలిపినా అంతకన్నా ఎక్కువ. పడమర దిక్కున కొత్త రాష్ట్రం ఏర్పడ్డ ప్రతిసారీ అక్కడ బానిసత్వం ఉంటుందా ఉండదా అని కొట్లాట. 1820లో మిసోరి దగ్గర గీత గీసి, దాని పైనున్న కొత్త నేలల్లో బానిసత్వం వద్దని రాజీపడ్డారు. 1850లో మళ్లీ రాజీ. 1854లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టంతో ఆ గీతే చెరిపేశారు. కాన్సాస్‌లో నెత్తురు పారింది.

స్టేట్స్ రైట్స్ వాదం చేసేవాళ్లకు 1850 నాటి ఫ్యుజిటివ్ స్లేవ్ చట్టం చూపించండి. పారిపోయిన బానిసను పట్టుకోవడానికి ఉత్తరాది రాష్ట్రాల చట్టాలను తోసిరాజని ఫెడరల్ ప్రభుత్వమే రంగంలోకి దిగాలని పట్టుబట్టింది దక్షిణాదే. పట్టుబడ్డ మనిషికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. విచారించే కమిషనర్ ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే పది డాలర్ల ఫీజు, వదిలేస్తే అయిదు డాలర్లు. చట్టంలోనే అలా రాసిపెట్టారు. ఇక జార్జియా యూనియన్ నుంచి విడిపోతూ ఇచ్చిన ప్రకటన చదవండి. రెండో వాక్యంలోనే ఆఫ్రికన్ బానిసత్వం అన్న మాట వస్తుంది. విడిపోయిన రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీకి ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీవెన్స్ ఈ రాష్ట్రం వాడే. 1861 మార్చి 21న సవానాలోనే ప్రసంగిస్తూ, మా కొత్త ప్రభుత్వానికి మూలరాయి నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్న సత్యమే అని ప్రకటించాడు. నాలుగేళ్లు తిరక్కముందే అదే ఊళ్లో ఫ్రేజియర్ ఒక మంత్రి ముందు కూర్చుని మాట్లాడాడు.

ఆ మార్పు లింకన్ ఒక్కడి వల్ల రాలేదు. బానిసలే యుద్ధాన్ని తమ యుద్ధంగా మార్చుకున్నారు. 1861 మేలో వర్జీనియాలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు రాత్రివేళ పడవలో ఫోర్ట్ మన్రోకు చేరుకుని ఆశ్రయం అడిగారు. అక్కడి జనరల్ బట్లర్ వాళ్లను తిరిగి పంపనన్నాడు. ఆ కబురు తెలిసి వందల మంది, తర్వాత వేలమంది వచ్చారు. 1862లో రాబర్ట్ స్మాల్స్ చార్ల్‌స్టన్ రేవులో కాన్ఫెడరేట్ ఓడనే నడుపుకుంటూ, కెప్టెన్ టోపీ పెట్టుకుని, కుటుంబంతో సహా యూనియన్ నౌకల దగ్గరికి తీసుకొచ్చేశాడు. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన వచ్చాక సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు యూనియన్ సైన్యంలో చేరారు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు. వీళ్లకు 10, అందులోనూ బట్టలకు 3 కోత. మసాచుసెట్స్ 54వ రెజిమెంట్ ఆ జీతం ముట్టుకోకుండానే యుద్ధం చేసింది. 1864లో కాంగ్రెస్ సమాన జీతం ఇచ్చేదాకా పట్టు వదల్లేదు. మొత్తం యుద్ధంలో చనిపోయినవాళ్లు 6 లక్షల 20 వేల మంది అని చాలాకాలం లెక్క చెప్పారు. ఇటీవలి అంచనాలు 7 లక్షల చుట్టూ, ఆ పైన కూడా ఉన్నాయి.

ఆ యుద్ధం మన తీరాన్ని కూడా తాకింది. అమెరికా పత్తి ఆగిపోయేసరికి లాంకషైర్ మిల్లులు మన దేశం వైపు తిరిగాయి. కాకినాడ రేవు నుంచి పత్తి ఎగుమతి బాగా పెరిగింది ఆ రోజుల్లోనే. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తికి ఇంగ్లండు మార్కెట్లో ‘కోకనాడాస్’ అనే పేరే ఉండేది. ధరలు ఆకాశానికెక్కాయి. దక్షిణాది సేనాని లీ లొంగిపోయి యుద్ధం ముగిశాక అంతే వేగంగా పడిపోయాయి. ఆ ధరల సంగతి మళ్లీ చెప్తాను, ఎందుకంటే ఇటు పత్తి పండించినవాణ్ణీ అటు పండించినవాణ్ణీ ఒకే మార్కెట్ ముంచింది.

1865 ఏప్రిల్ 9న లీ లొంగిపోయాడు. 15న లింకన్ చనిపోయాడు. ఆండ్రూ జాన్సన్ ప్రెసిడెంట్ అయ్యాడు. మే 29న క్షమాభిక్ష ప్రకటించాడు. విధేయత ప్రమాణం చేసిన దక్షిణాది వాళ్లకు బానిసలు తప్ప మిగతా ఆస్తి అంతా తిరిగి వస్తుందన్నాడు. పెద్ద ఆస్తిపరులు విడిగా అర్జీ పెట్టుకోవాలి, అవీ వేలల్లో మంజూరయ్యాయి. భూమి అంటే సవానా దీవులు కూడా. అప్పటికే అక్కడ జనం ఇళ్లు కట్టుకున్నారు, పంట వేశారు, బడులు పెట్టుకున్నారు. సెయింట్ క్యాథరిన్స్, సపేలో దీవుల్లో ట్యూనిస్ క్యాంప్‌బెల్ అనే నల్లజాతి నాయకుడు, విముక్తుల బాగోగులు చూడటానికి పెట్టిన ఫెడరల్ సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోకు ఏజెంటుగా ఉంటూ స్థానిక ప్రభుత్వమే నడిపించాడు. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి.

ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అధిపతి జనరల్ ఆలివర్ హోవర్డ్. మంచివాడు, భక్తిపరుడు. యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. భూమి వెనక్కి ఇచ్చేయాలన్న ప్రెసిడెంట్ ఆదేశాన్ని జనానికి వినిపించే పని ఆయన నెత్తిన పడింది. 1865 అక్టోబరులో సౌత్ కరోలినాలోని ఎడిస్టో దీవికి వెళ్లాడు. చర్చి నిండా జనం. పాత యజమానులను క్షమించండి, వాళ్ల దగ్గర ఒప్పందం మీద పనిచేయండి అని చెప్పాడు. జనం ఒప్పుకోలేదు. హెన్రీ బ్రామ్, ఇష్మాయిల్ మౌల్ట్రీ, యేట్స్ శాంప్సన్ అనే ముగ్గురితో ఒక కమిటీ ఏర్పడి ఆయనకు ఉత్తరం రాసింది. అమెరికా చరిత్రలో నాకు తెలిసినంతలో అంత సూటిగా రాసిన అర్జీ మరొకటి లేదు. అందులో ఒక చోటు ఇలా ఉంటుంది:

“మా దీవి భూస్వాములను క్షమించమని అడుగుతున్నారు. మీరు యుద్ధంలో కుడిచెయ్యి మాత్రమే పోగొట్టుకున్నారు, మీరు క్షమించగలరేమో. నన్ను చెట్టుకు కట్టేసి 39 కొరడా దెబ్బలు కొట్టినవాడు, నా తల్లినీ చెల్లినీ బట్టలూడదీసి కొట్టినవాడు, వాడి పొలం పనిచేసి వాడిచ్చిందే చాలనుకుంటే తప్ప ఖాళీగా పడున్న వాడి గుడిసెలో నన్ను ఉండనివ్వనివాడు, నాకు సొంత నేల ఉంటే వాడి గడప తొక్కనని బాగా తెలిసే ఆ నేల నాకు దక్కకుండా నలుగురినీ కూడగట్టేవాడు, ఆ మనిషిని నేను క్షమించలేను.”

చివరి మాటలు మరొక్కసారి వినండి. భూమి ఎందుకు ఇవ్వడం లేదో వాళ్లకు స్పష్టంగా తెలుసు. నాకు భూమి ఉంటే నీకు కూలివాడు దొరకడు. ప్లాంటేషన్ నడవాలంటే నేను ఆకలితో ఉండాలి. అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న జనంలోంచి, అంతటి కోపంలో కూడా ఒక్క మాట పొల్లు లేకుండా వచ్చిన విశ్లేషణ ఇది. ఎన్నిసార్లు చదివినా నా గుండె బరువెక్కుతుంది.

దీవుల నుంచి చాలామందిని 1866లో, 67లో సైన్యమే ఖాళీ చేయించింది. అవును, విముక్తి తెచ్చిన అదే నీలిరంగు యూనిఫారం సైన్యం. మరోవైపు దక్షిణాది శాసనసభలు బ్లాక్ కోడ్స్ తెచ్చాయి. మిసిసిపిలో నల్లవాడు పట్టణాల బయట భూమి కౌలుకు తీసుకోకూడదు. ఏటా జనవరిలో ఎవరి దగ్గర పనికి కుదిరాడో కాగితం చూపించాలి. లేకపోతే పనీపాటా లేకుండా తిరిగేవాడని జరిమానా. కట్టలేకపోతే ఆ జరిమానా ఎవరు కడితే వాళ్ల దగ్గర చాకిరీ. 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది కానీ, నేరానికి శిక్షగా తప్ప అని ఒక మినహాయింపు ఉంచింది. ఆ మినహాయింపులోంచే జైలు ఖైదీలను కంపెనీలకు అద్దెకిచ్చే కన్విక్ట్ లీజ్ పద్ధతి పుట్టింది. జార్జియాలో అది 1908 దాకా నడిచింది. మన అట్లాంటాలోనే చాటహూచీ నది ఒడ్డున ఇటుక బట్టీల్లో ఆ ఖైదీలతో ఇటుకలు చేయించారు. ఈ నగరం వీధుల్లో ఆ ఇటుకలున్నాయి.

కాంగ్రెస్‌లో థాడియస్ స్టీవెన్స్ అనే ముసలి నాయకుడు పెద్ద భూస్వాముల ఎస్టేట్లు జప్తు చేసి విముక్తులకు నలభై ఎకరాల చొప్పున పంచాలని మళ్లీ మళ్లీ అడిగాడు. సొంత పార్టీవాళ్లే వెనకడుగు వేశారు. దక్షిణాదిలో భూస్వాముల భూమి పంచితే రేపు ఉత్తరాదిలో కార్మికులు ఏమడుగుతారో అన్న భయం. సొంత ఆస్తి అనేదాన్ని ముట్టుకోవడానికి ఆ తరం సిద్ధంగా లేదు. నా దృష్టిలో రికన్‌స్ట్రక్షన్ ఓడిపోయింది ఆ వెనకడుగు దగ్గరే. చాలామంది చెప్పే 1877 నాటి రాజీ, ప్రెసిడెంట్ ఎన్నిక తగువు తీర్చుకోవడానికి చేసుకున్నది, ఆ తర్వాతి సంగతి.

అయినా కాంగ్రెస్ చేసింది తక్కువేం కాదు. 14వ సవరణ తెచ్చింది. ఇక్కడ పుట్టిన ప్రతివాడూ పౌరుడే, చట్టం ముందు అందరికీ సమాన రక్షణ. 1868 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ గదిలో ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ దేశ పౌరసత్వం ఆ ఒక్క వాక్యం వల్లే వచ్చింది. అమ్మానాన్న వర్క్ వీసా మీద ఉన్నా, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లతరబడి ఉన్నా, మీరు పుట్టగానే పౌరులు. ఆ వాక్యం రాయించింది డ్రెడ్ స్కాట్ తీర్పు మీద కోపం. నల్లజాతివాళ్లు పౌరులు కాలేరని, తెల్లవాడు గౌరవించి తీరాల్సిన హక్కులేవీ వాళ్లకు లేవని 1857లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును తుడిచేయడానికి లక్షల ప్రాణాలు పోయాయి. ఆ వాక్యం ఫలం 1898లో సుప్రీంకోర్టు తీర్పుతో ఇక్కడే పుట్టిన ఒక చైనా దంపతుల కొడుకు వాంగ్ కిమ్ ఆర్క్‌కు అందింది, తర్వాత మన దాకా వచ్చింది. వీసా టెన్షన్‌తో నిద్రపట్టని రాత్రుల్లో కూడా ఈ అప్పు ఎవరికి ఉన్నామో మరవకూడదని నా కోరిక.

1867లో దక్షిణాదిలో నల్లజాతి మగవాళ్లకు ఓటు వచ్చింది. రెండేళ్ల కిందట బానిసలుగా ఉన్నవాళ్లు రాజ్యాంగ సభల్లో కూర్చున్నారు. దక్షిణాదిలో అందరి కోసం ప్రభుత్వ బడులు మొదలైంది ఈ ప్రభుత్వాల కాలంలోనే, పేద తెల్లవాళ్ల పిల్లలకు కూడా. మిసిసిపి నుంచి హైరమ్ రెవెల్స్ సెనేటర్ అయ్యాడు. ఓడ నడుపుకుంటూ వచ్చిన రాబర్ట్ స్మాల్స్ కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. తన పాత యజమాని ఇంటినే కొనుక్కున్నాడు.

జార్జియాలో 33 మంది నల్లజాతి సభ్యులు శాసనసభకు ఎన్నికయ్యారు. 1868 సెప్టెంబరులో తెల్ల సభ్యులు ఓటు పెట్టి వాళ్లలో దాదాపు అందర్నీ బయటికి పంపేశారు. ఓటు వేసే హక్కు ఇచ్చారు కానీ పదవి చేసే హక్కు ఇవ్వలేదు కదా అన్నది వాదం. హెన్రీ మెక్‌నీల్ టర్నర్ సభలో లేచి, నేను మిమ్మల్ని బతిమాలడానికి రాలేదు, నా హక్కు అడగడానికి వచ్చాను అన్న అర్థంలో చేసిన ప్రసంగం ఇప్పటికీ చదువుతారు. అదే నెలలో కమిల్లా ఊళ్లో ఎన్నికల సభకు నడిచి వెళ్తున్న జనం మీద కాల్పులు జరిపారు. కనీసం 9 మంది చనిపోయారు. డౌన్‌టౌన్‌లో క్యాపిటల్ ఆవరణలో ఆ బహిష్కృత సభ్యుల శిల్పం ఉంది. ఈసారి అటు వెళ్తే పిల్లలను తీసుకెళ్లి చూపించండి.

ఆ పంపేసిన రాష్ట్ర సెనేటర్లలో ట్యూనిస్ క్యాంప్‌బెల్ ఒకరు. దీవుల నుంచి ఖాళీ చేయించాక ఆయన ఊరుకోలేదు. మెకింటాష్ కౌంటీలో భూమి సంపాదించి, విముక్తులను అక్కడ చేర్చి, డేరియన్ ఊళ్లో జస్టిస్ ఆఫ్ ది పీస్ అయ్యాడు. 1870లో సెనేట్ సీటు తిరిగి వచ్చింది. కూలీలను మోసం చేసే తోటల యజమానుల మీద, నల్ల నావికులను కొట్టే ఓడ కెప్టెన్ల మీద కేసులు నడిపాడు. కూలివాడి ఫిర్యాదు రాసుకునే మేజిస్ట్రేటు ఉండటం అంటే ఏమిటో పల్లెటూళ్లలో పుట్టినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో పాత పెద్దలు అధికారంలోకి వచ్చాక ఆయన మీద తిరిగి కేసులు పెట్టారు. 1876 జనవరిలో, 63 ఏళ్ల వయసులో, చేతులకు బేడీలు వేసి కన్విక్ట్ లీజ్ కింద ఒక ప్లాంటేషన్‌కు పంపారు. ఏడాది ఖైదీగా చాకిరీ చేసి బయటికొచ్చి జార్జియా వదిలి వెళ్లిపోయాడు. ఓటు, కోర్టు, పదవి అన్నీ చేతికి వచ్చినవాడి గతి అది.

మిగతా చోట్ల సంగతి కూడా అంతే. 1873 ఏప్రిల్ 13న, ఈస్టర్ ఆదివారం, లూజియానాలో కోల్‌ఫాక్స్ కోర్టు భవనాన్ని కాపాడుకుంటున్న నల్లజాతివాళ్లను చంపేశారు, చాలామందిని లొంగిపోయాకే. చనిపోయినవాళ్లు 60 నుంచి 150 దాకా అని రకరకాల అంచనాలున్నాయి. ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన కేసును సుప్రీంకోర్టు 1876లో కొట్టేసింది. 14వ సవరణ రాష్ట్రాలను కట్టడి చేస్తుంది తప్ప, గుంపుగా వచ్చి చంపే మనుషులను కాదన్నది తీర్పు. అదే 1873లో మన దేశంలో, పూనాలో, జోతిరావు ఫూలే తన పుస్తకాన్ని బానిసత్వాన్ని రూపుమాపిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. మా దేశంలో శూద్రులకు, అతిశూద్రులకు కూడా అలాంటి విముక్తి రావాలని ఆశపడ్డాడు. ఆయన ఆశ నిజమైనదే. విముక్తి జరిగింది కూడా నిజమే. దాన్ని వెనక్కి లాగడం అప్పటికే మొదలైపోయిందన్నదీ అంతే నిజం.

1876 ప్రెసిడెంట్ ఎన్నిక తెగలేదు. రిపబ్లికన్ హేస్‌కు 185, డెమోక్రాట్ టిల్డెన్‌కు 184 ఎలక్టోరల్ ఓట్లని కమిషన్ తేల్చింది. హేస్ గద్దెనెక్కి 1877 ఏప్రిల్‌లో సౌత్ కరోలినా, లూజియానా స్టేట్ హౌస్‌ల దగ్గరున్న సైనికులను బ్యారక్‌లకు పంపేశాడు. సైన్యం అండ పోయాక ఆ రెండు రాష్ట్రాల రికన్‌స్ట్రక్షన్ ప్రభుత్వాలూ కూలిపోయాయి. ఇందాక చెప్పిన 1877 నాటి రాజీ ఇదే.

ఇప్పుడు పొలంలోకి వద్దాం. భూమి దక్కని కుటుంబం ఏం చేసింది? షేర్ క్రాపింగ్. మన ఊళ్లలో పాలుకు చేయడం అంటారే, అదే. మొదట్లో దీన్ని జనమే కోరుకున్నారు. కొరడా పట్టుకున్న మేస్త్రీ కింద గుంపులో పనిచేయడం కంటే, కుటుంబానికి విడిగా ఒక ముక్క నేల ఉంటే ఆడవాళ్లు ఇంటిని, పిల్లలను చూసుకోవచ్చు, పిల్లలు బడికి పోవచ్చు అనుకున్నారు. విత్తనం, కంచర గాడిద, పనిముట్లు యజమానివైతే పంటలో సగం సగం. పంట చేతికొచ్చేదాకా తిండికి, బట్టకు షావుకారు కొట్టులో ఖాతా. ఆ ఖాతాకు తనఖా ఏమిటి? ఇంకా మొలవని పంట. కొట్టులో ప్రతి సరుకుకూ రెండు ధరలు, నగదు ధర ఒకటి, అరువు ధర ఒకటి. పత్తి వేస్తేనే అరువు. తినే గింజలు వేసుకుంటే అరువు లేదు. ఏడాది చివర పత్తి తూకం వేసి, పద్దు పుస్తకం తీసి, ఇంకా ఇంత బాకీ ఉన్నావు అంటారు. పుస్తకం వాళ్లది, తూకం వాళ్లది. ప్రశ్నిస్తే ఆ రాత్రికే గుర్రాల మీద మనుషులు రావచ్చు. మా తాతల కాలంలో ఇలాంటి పద్దులు చూసినవాళ్లు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు.

కోర్టులూ అటే మొగ్గాయి. 1872లో జార్జియా సుప్రీంకోర్టు షేర్ క్రాపర్ కౌలుదారు కాడని, పంటలో వాటా అనేది కూలి చెల్లించే ఒక పద్ధతి మాత్రమేనని తేల్చింది. అంటే తాను పండించిన పంట మీద అతనికి సొంత అధికారం లేదు. పశువుల చట్టాలు కూడా మార్చారు. అంతకుముందు కంచె లేని నేలలో ఎవరి పంది, ఎవరి ఆవు అయినా మేసేది. ఒక్కో కౌంటీలో ఆ హక్కు తీసేసుకుంటూ వచ్చారు. సొంత నేల లేనివాడు ఇక రెండు ఆవులు పెట్టుకుని బతికే దారి కూడా మూసుకుపోయింది. ఇందాక చెప్పిన పత్తి ధర ఏడాదికేడాది పడిపోతూ 1890ల మధ్యకు పౌండు 7 సెంట్ల కిందకి దిగింది. ఎక్కువ పండిస్తే ధర ఇంకా పడుతుంది, తక్కువ పండిస్తే బాకీ తీరదు.

అలాంటివాడి ఓటు లాక్కోవడానికి ప్రతిసారీ తుపాకీ అవసరం లేదు. జార్జియా 1877లో పోల్ టాక్స్, అంటే తలపన్ను, బాకీలన్నీ కలిపి కడితేనే ఓటు అని రాజ్యాంగంలో పెట్టింది. నగదు కంటికి కనిపించని షేర్ క్రాపర్ ఏళ్ల తరబడి బాకీపడ్డ పన్ను ఎక్కడి నుంచి తెస్తాడు? లూజియానాలో 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉంటే, కొత్త నిబంధనలు వచ్చాక 1904కి మిగిలింది 1,342 మంది. మళ్లీ ఓటు నిజంగా చేతికి రావడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. మనలాంటివాళ్లకు ఈ దేశం తలుపు తెరిచిన ఇమిగ్రేషన్ చట్టం కూడా అదే 1965లో, అదే ఉద్యమపు గాలిలో వచ్చింది.

కథ ఇంతటితో చీకటి అని నేననను. ఫ్రేజియర్ ఆ రాత్రి చెప్పిన రెండో మాట ఉంది చూశారా, కూడబెట్టి కొనుక్కుంటామని, అది నిజం చేశారు. జార్జియాలో నల్లజాతివాళ్ల పేరిట 1874లో సుమారు 3 లక్షల 40 వేల ఎకరాలుంటే 1900కి 10 లక్షల ఎకరాలు దాటింది. 1910కి దేశం మొత్తం మీద సుమారు కోటిన్నర ఎకరాలు. ఎవరూ ఇవ్వలేదు. ఎకరం, రెండెకరాలుగా, చాలాసార్లు ఎవరికీ అక్కర్లేని నాసి నేలగా కొనుక్కున్నారు. ఆ తర్వాతి వందేళ్లలో అందులో ఎక్కువ భాగం మళ్లీ చేజారింది. పన్ను బాకీ వేలాల్లో, వీలునామా లేని వారసత్వ భూముల కోర్టు అమ్మకాల్లో, బెదిరింపుల్లో.

సపేలో దీవి సంగతి చెప్పి ఆపుతాను. 1865లో ఇచ్చి వెనక్కి తీసుకున్న దీవుల్లో అదొకటి. 1871లో విలియం హిల్లరీ, ఆయన భాగస్వాములు కలిసి ఆ దీవిలోనే రకూన్ బ్లఫ్ అనే చోట వెయ్యి ఎకరాలు డబ్బిచ్చి కొన్నారు. అక్కడ ఊరు వెలిసింది, చర్చి వెలిసింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో దీవిలో ఎక్కువ భాగానికి యజమాని అయిన ఒక పొగాకు కోటీశ్వరుడు ఆ ఊళ్లన్నీ ఖాళీ చేయించి, జనాన్ని హాగ్ హమ్మక్ అనే ఒక్క చోటికి చేర్చాడు. ఆ సంతతి, గల్లా గీచీ ప్రజలు, ఇప్పటికీ కొద్దిమంది అక్కడున్నారు. 2023లో మెకింటాష్ కౌంటీ, అదే ట్యూనిస్ క్యాంప్‌బెల్ కౌంటీ, అక్కడ పాత పరిమితికి రెట్టింపు పైగా పెద్ద ఇళ్లు కట్టుకోవచ్చని జోనింగ్ నిబంధన (ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే నియమం) మార్చింది. పెద్ద ఇళ్లు వస్తే భూమి విలువ పెరుగుతుంది, దాంతో పన్ను పెరుగుతుంది, పన్ను కట్టలేనివాళ్లు అమ్ముకుని పోవాల్సి వస్తుందని అక్కడి జనం భయం. సంతకాలు సేకరించి, దీని మీద ప్రజల ఓటింగ్ పెట్టాలని పట్టుబట్టి, జార్జియా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. భూమిని ఓటుతో కాపాడుకోవాలని చూశారు.

ఇక మీరు అడగండి. ముందు పిల్లలకు అవకాశం ఇద్దాం.